ఎల్బీ నగర్‌లో ‘ఎల్బీ’ ఎవరు? బాధ్యత అనే మాటకు అసలు అర్థం

ఈ రోజు ఎపిసోడ్ లీడర్‌షిప్ గురించి. ఆగండాగండి, అప్పుడే స్కిప్ కొట్టకండి. పొద్దున్నే నాలుగింటికి లేచి చన్నీళ్ల స్నానం చేస్తే లీడర్ అయిపోతారు అనే టైపు వీడియో కాదు ఇది. మనం రోజూ పలికే ఒక పేరు వెనక ఉన్న చరిత్ర చెప్తా.

మియాపూర్‌లో మెట్రో రెడ్ లైన్ ఎక్కితే చివరి స్టేషన్ ఏంటి? ఎల్బీ నగర్. అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా మెట్రో 2018 సెప్టెంబర్‌లో మొదలైంది. అంతకుముందు కూడా విజయవాడ వెళ్లాలన్నా, నాగార్జునసాగర్ వెళ్లాలన్నా ఎల్బీ నగర్ చౌరస్తాలో బ్యాగు పట్టుకుని నిలబడాల్సిందే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి అయితే ఈ పేరు ఊపిరి పీల్చినంత మామూలు. మరి ‘ఎల్బీ’ అంటే ఎవరు?

లాల్ బహదూర్. మన రెండో ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి. బషీర్‌బాగ్ దగ్గర ఎల్బీ స్టేడియం ఉంది కదా, ఒకప్పటి ఫతే మైదాన్, దానికీ ఈయన పేరే. ఒక మనిషి జీవితం మొత్తాన్ని మనం రెండు అక్షరాలు చేసేశాం.

చాలామందికి శాస్త్రి గారంటే ‘జై జవాన్ జై కిసాన్’ నినాదం గుర్తొస్తుంది. అక్టోబర్ 2 గుర్తొస్తుంది, అదీ గాంధీ గారి పుట్టినరోజు పక్కన. కానీ నాకు ఆయనలో అన్నిటికన్నా పెద్ద పాఠంగా అనిపించే సంఘటన మనకి చాలా దగ్గర్లోనే మొదలైంది. ఎల్బీ నగర్ నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు మీదుగా ఆరాంఘర్ వెళ్లి, అక్కడ బెంగళూరు హైవే ఎక్కితే షాద్‌నగర్ దాటాక జడ్చర్ల వస్తుంది. కథ అక్కడిది.

1956వ సంవత్సరం. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా పుట్టలేదు. అది నవంబర్ 1న ఏర్పడింది. మహబూబ్‌నగర్, జడ్చర్ల అన్నీ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. శాస్త్రి గారు 1952 నుంచి కేంద్రంలో రైల్వే మంత్రి. సెప్టెంబర్ మొదట్లో భారీ వర్షాలు. సెప్టెంబర్ 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య రైలు వెళ్తుండగా వరద దెబ్బకి వంతెన కూలింది. వందమందికి పైగా చనిపోయారు.

శాస్త్రి గారు తన రాజీనామా ప్రధాని నెహ్రూ గారికి ఇచ్చారు. నెహ్రూ గారు ఒప్పుకోలేదు. పని చేస్తూ ఉండమన్నారు.

మూడు నెలలు కూడా కాలేదు. నవంబర్ 23న ఇప్పటి తమిళనాడులో, అరియలూర్ దగ్గర ఇంకో ప్రమాదం. మద్రాసు నుంచి తూత్తుకుడి వెళ్లే ఎక్స్‌ప్రెస్. మళ్లీ వర్షాలే, మళ్లీ వరదే, మళ్లీ వంతెనే. ఈసారి నూట నలభై మందికి పైగా చనిపోయారు.

శాస్త్రి గారు మళ్లీ రాజీనామా ఇచ్చారు. ఈసారి వెనక్కి తీసుకోలేదు. నెహ్రూ గారు పార్లమెంటులో ఈ విషయం చెప్తూ, ఈ ప్రమాదానికి శాస్త్రి ఏ రకంగానూ కారణం కాదని, అయినా ఒక మంచి సంప్రదాయం నిలబడాలి కాబట్టి రాజీనామాని అంగీకరిస్తున్నానని అన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచిద్దాం. ఆ వంతెన శాస్త్రి గారు కట్టలేదు. ఆ రైలు ఆయన నడపలేదు. వర్షం ఆయన కురిపించలేదు. ఆయన తప్పేమీ లేదని సాక్షాత్తూ ప్రధానే చెప్పారు. మరి ఎందుకు దిగిపోయారు?

ఎందుకంటే తప్పు వేరు, బాధ్యత వేరు. ‘ఈ పని చెడగొట్టింది ఎవరు?’ అనేది ఒక ప్రశ్న. ‘ఈ పనికి జవాబు చెప్పాల్సింది ఎవరు?’ అనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు కావాలంటే విచారణ జరగాలి, ఇంజనీర్లు చూడాలి, నెలలు పడుతుంది. రెండోదానికి జవాబు ఆ రోజే దొరకాలి. అరియలూర్‌లో కొడుకుని పోగొట్టుకున్న తల్లికి వంతెన డిజైన్ రిపోర్టు అక్కర్లేదు. ‘అమ్మా, ఇది నా శాఖ, జవాబు నేను చెప్తా’ అనే మనిషి ఒకరు ముందు కనపడాలి. శాస్త్రి గారు ఆ మనిషి అయ్యారు.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు చూసింది ఒకటి చెప్తా, ఐటీలో ఉన్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో ఏదో పడిపోతుంది. కాల్ మీద పదిహేను మంది చేరతారు. మొదటి అరగంట ఏం జరుగుతుందో తెలుసా? ‘మా వైపు అంతా బాగానే ఉంది’ అని ఒక్కో టీమ్ చెప్పుకుంటూ పోతుంది. డేటాబేస్ వాళ్లు నెట్‌వర్క్ అంటారు, నెట్‌వర్క్ వాళ్లు కోడ్ అంటారు. తిలాపాపం తలా పిడికెడు. అప్పుడు ఒక్కరు మాట్లాడతారు: ‘సరే, ఎవరిదైనా కానీ, ఈ సమస్య నేను తీసుకుంటున్నా. మీరు ఇది చూడండి, మీరు అది చూడండి.’ ఆ క్షణం నుంచి కాల్ వాతావరణమే మారిపోతుంది. ఆ మాట అన్న మనిషికి మేనేజర్ అనే హోదా ఉండొచ్చు, లేకపోవచ్చు. ఆ రాత్రికి మాత్రం లీడర్ ఆ మనిషే.

ఇప్పుడు మీలో కొందరికి ఒక డౌట్ వచ్చి ఉంటుంది. రావాలి కూడా. రాజీనామా చేస్తే వంతెన బాగుపడుతుందా అన్నా?

పడదు. ఇది నిజాయితీగా ఒప్పుకోవాలి. మహబూబ్‌నగర్ ప్రమాదానికీ, అరియలూర్ ప్రమాదానికీ మధ్య 82 రోజులు. కారణం దాదాపు ఒకటే, వరదకి తట్టుకోలేని వంతెన. కుర్చీ దిగినంత మాత్రాన దేశంలో ఉన్న పాత వంతెనలన్నీ గట్టిపడవు. బాధ్యత తీసుకోవడం అనేది పనికి మొదలు, చివర కాదు. కుర్చీలో ఉండి కూడా బాధ్యత తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. దానికి మన ఆంధ్ర తీరంలోనే ఒక ఉదాహరణ ఉంది. సూళ్లూరుపేట దగ్గర శ్రీహరికోట.

1979 ఆగస్టు 10. మన దేశం సొంతంగా తయారు చేసిన మొదటి ఉపగ్రహ వాహక రాకెట్, ఎస్‌ఎల్‌వీ-3. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం గారు. ఇస్రో చైర్మన్ సతీష్ ధావన్ గారు. ప్రయోగానికి ముందు కంప్యూటర్ ఆగమని సూచించింది. నిపుణులతో మాట్లాడి, ఫర్వాలేదనుకుని ముందుకు వెళ్లే నిర్ణయం తీసుకున్నది కలాం గారే. ఈ సంగతి ఆయనే తర్వాత ఎన్నో సభల్లో దాచకుండా చెప్పారు. రాకెట్ లేచింది. రెండో దశలో నియంత్రణ దెబ్బతింది. కొన్ని నిమిషాల్లోనే ఏళ్ల కష్టం బంగాళాఖాతంలో పడిపోయింది.

బయట ప్రెస్ మీట్. జర్నలిస్టులు ఎదురుచూస్తున్నారు. నిర్ణయం కలాం గారిది కాబట్టి మాట్లాడాల్సింది ఆయనే అని ఎవరైనా అనుకుంటారు. కానీ ధావన్ గారు ముందుకొచ్చి తనే మాట్లాడారు. వైఫల్యం మాది అని ఒప్పుకున్నారు, నా టీమ్ మీద నాకు నమ్మకం ఉంది, ఏడాదిలో సాధిస్తాం అన్నారు.

1980 జులై 18. అదే శ్రీహరికోట, అదే రాకెట్ రకం, అదే టీమ్. రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. మళ్లీ ప్రెస్ మీట్. ఈసారి ధావన్ గారు ఏం చేశారో తెలుసా? మీరు వెళ్లి మాట్లాడండి అని కలాం గారిని ముందుకు పంపించారు.

కలాం గారు ఈ కథని జీవితాంతం చెప్తూనే ఉన్నారు. లీడర్‌షిప్ గురించి తను నేర్చుకున్న పెద్ద పాఠం ఏ పుస్తకంలోనూ దొరకలేదని, ఆ రోజుల్లో దొరికిందని అనేవారు. ఇప్పుడు శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధావన్ గారి పేరే ఉంది.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకాయన కుర్చీ దిగారు, ఒకాయన కుర్చీలోనే ఉన్నారు. కానీ ఇద్దరూ చేసిన పని ఒక్కటే. నింద కిందకి జారిపోకుండా పైనే ఆపేశారు. జడ్చర్ల దగ్గర ఒక గ్యాంగ్‌మన్ మీదో, స్టేషన్ మాస్టర్ మీదో నింద పడేసి చేతులు దులుపుకోవడం శాస్త్రి గారికి కష్టం కాదు. కలాం గారిని మైకు ముందు నిలబెట్టడం ధావన్ గారికి కష్టం కాదు. ఇద్దరూ ఆ పని చేయలేదు.

నా దృష్టిలో లీడర్‌షిప్‌కి ఉన్న అసలు పరీక్ష ఇదే. నింద పైకి వెళ్లాలి, పేరు కిందకి రావాలి. చాలా ఆఫీసుల్లో, కాలేజీల్లో జరిగేది దీనికి పూర్తిగా ఉల్టా. పేరు పైకి ఎగబాకుతుంది, నింద మెట్లు దిగి దిగి చివరికి కొత్తగా చేరిన ఫ్రెషర్ నెత్తిన పడుతుంది.

అందుకే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బాధ్యత తీసుకోండి అని చెప్పడం వీడియోలో చాలా ఈజీ. శాస్త్రి గారి వెనక నెహ్రూ గారి నమ్మకం ఉంది. 1957 ఎన్నికల తర్వాత ఆయన మళ్లీ కేంద్ర మంత్రి అయ్యారు, 1964 జూన్‌లో ప్రధాని అయ్యారు. మన తెలుగువాళ్లలో నీలం సంజీవరెడ్డి గారిని తీసుకోండి. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యలు రాష్ట్ర ప్రభుత్వానికి వ్యతిరేకంగా రావడంతో, 1964లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. కొన్ని నెలలకే శాస్త్రి గారి కేబినెట్‌లో మంత్రి అయ్యారు, 1977లో రాష్ట్రపతి కూడా అయ్యారు. అంటే వాళ్లకి తిరిగొచ్చే దారి ఉంది. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉన్న అమ్మాయికి ఆ దారి ఉండకపోవచ్చు. కాబట్టి టీమ్‌లో అందరికన్నా చిన్నవాళ్లని ముందు నిలబెట్టి, లీడర్‌షిప్ చూపించు అనడం లీడర్‌షిప్ కాదు, బలిపశువుని వెతకడం. ఎవరి చేతిలో ఎక్కువ అధికారం ఉందో, జవాబుదారీ మొదట వాళ్లది.

మరి మన చేతిలో ఎంత అధికారం ఉంది? చిన్నదే, కానీ ఉంటుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో నలుగురిలో మీరు లీడర్ అనుకోండి. డెమో రోజు మాడ్యూల్ పనిచేయలేదు. ‘సార్, ఆ పార్ట్ వాడిది’ అని వేలు చూపిస్తారా, ‘సార్, మా టీమ్‌ది ఆగిపోయింది, ఎందుకు ఆగిందో చూసి రేపు చెప్తాం’ అంటారా? హాస్టల్లో ఫెస్ట్ డబ్బులు మీ దగ్గర పెట్టారు, లెక్క తేలట్లేదు. అందరూ అడిగేదాకా ఆగుతారా, మీరే ముందు గ్రూపులో లెక్క పెడతారా? నలుగురిలో ఉన్నప్పుడు మీ టీమ్‌ని కాయండి. గది తలుపు వేసుకున్నాక ఏం తప్పు జరిగిందో ఒక్కొక్కటీ తీసి మాట్లాడండి. ధావన్ గారి టీమ్ కూడా ప్రెస్ మీట్ అయిపోగానే పండగ చేసుకోలేదు. లోపం ఎక్కడుందో వెతికి సరిచేసింది కాబట్టే మరుసటి ఏడాది రాకెట్ పైకి వెళ్లింది.

ఇంకొక్క విషయం. ఇలాంటి అలవాటు పెద్ద పదవి వచ్చాక ఒక్కసారిగా రాదు. శాస్త్రి గారి ఇంటిపేరు శ్రీవాస్తవ. కులాన్ని సూచిస్తుందని ఆ పేరు వదిలేశారు. శాస్త్రి అనేది కాశీ విద్యాపీఠ్‌లో చదివి తెచ్చుకున్న డిగ్రీ పేరు. ప్రధాని అయ్యాక ఫియట్ కారు కొనడానికి ఐదు వేల రూపాయలు పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో ఆయన చనిపోయేనాటికి ఆ అప్పు తీరలేదు. ఆయన భార్య లలితా శాస్త్రి గారు తన పెన్షన్‌లోంచి కట్టారు. 1965లో తిండిగింజల కొరత వచ్చినప్పుడు దేశ ప్రజల్ని వారానికి ఒక పూట భోజనం మానేయమని అడిగారు కదా, అలా అడిగే ముందు సొంత ఇంట్లో ఆ పని చేసి చూశారని వాళ్ల కుటుంబం చెప్తుంది. చిన్న చిన్న లెక్కలు సరిగ్గా ఉంచుకున్న మనిషి కాబట్టే పెద్ద లెక్క వచ్చినప్పుడు తడబడలేదు.

సో ఫ్రెండ్స్, ఈ వారం ఒక్క పని చేయండి. మీ చుట్టూ ఏదైనా పని చెడిపోయినప్పుడు మీ నోట్లోంచి వచ్చే మొదటి వాక్యం ఏంటో గమనించండి. ‘నేను కాదు’ అని వస్తోందా, ‘నేను చూస్తా’ అని వస్తోందా? మీ ఇంట్లో, కాలేజీలో, ఆఫీసులో ఇలా మీ కోసం నిలబడిన సీనియర్ ఎవరైనా ఉంటే, ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపించి ఒక థాంక్స్ చెప్పండి. ఇలాంటివాళ్లకి థాంక్స్ చాలా తక్కువగా అందుతుంది. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.