చెరువు తవ్వించే రాజుకు పన్నెండు షరతులు

మార్చి 22 దగ్గరపడితే చాలు, పత్రికాఫీసుల్లో చెరువులన్నీ నిండిపోతాయి. ప్రపంచ జల దినోత్సవం కదా, నీటి మీద ఏదో ఒకటి పడాలి. 1993 నుంచి ఏటా ఇదే వరస. ఈసారి సంపాదకుడు అడిగింది మాత్రం కాస్త కొత్తది. పర్మాకల్చర్, ఫుడ్ ఫారెస్టు, పొలంలో కుంట అంటూ ఉద్యోగాలు మానేసి మరీ కుర్రకారు ఎకరమో రెండెకరాలో కొంటున్నారు, దీనికి మన దగ్గర పాత చరిత్ర ఏమైనా ఉందా అని. అదీ శుక్రవారంలోపు. చరిత్రకేం, బోలెడుంది. కాకపోతే ఒక్కచోట రాతి మీద గట్టిగా నిలబడి, మిగతా అన్నిచోట్లా చేతికి చిక్కకుండా జారిపోతుంది.

శాతవాహనుల నాడు కోటిలింగాల నుంచి ధాన్యకటకం దాకా ఊళ్లున్నాయంటే, ఆ ఊళ్లకు తాగే నీళ్లూ పండే మళ్లూ ఉండే ఉంటాయి. అక్కడి నుంచి వెయ్యేళ్లు ఒక్క అంగలో దాటితే కాకతీయులు. ఊరు, గుడి, చెరువు మూడూ ఒకే పనిగా పెట్టుకున్నవాళ్లు వీళ్లు. రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించాడు. ఆ పక్కనే కొండల నడుమ రామప్ప చెరువు. పాకాల, లక్నవరం ఆ కోవలోవే. ఒక చెరువు అలుగు పోస్తే ఆ నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే ఆ కింది దానిలోకి. గొలుసుకట్టు చెరువుల గురించి ఇప్పటికే ఎంతోమంది ఎంతో రాశారు కాబట్టి నేను తప్పుకుంటాను. ఒక్క సంగతి మాత్రం చెప్పుకోవాలి. మనవాళ్లు లెక్కపెట్టిన సప్తసంతానాల్లో కొడుకుతో పాటు తటాకమూ ఉంది, వనమూ ఉంది. నీటి కుంటనూ పళ్లచెట్ల తోపునూ ఒకే పుణ్యం ఖాతాలో వేసిన బుద్ధి అది. ఇప్పటి పర్మాకల్చర్ శిక్షణ తరగతుల్లో మొదటి రెండు రోజులూ చెప్పేది ఇంచుమించు ఇదే, పుణ్యం ఒక్కటీ తీసేసి.

ఇక నాకు ఇష్టమైన రాయి దగ్గరకు వస్తాను.

కడప జిల్లా పోరుమామిళ్లలో పాడుబడ్డ భైరవాలయం ముందు రెండు రాతిపలకలు ఉండేవి. తెలుగు లిపి, సంస్కృత శ్లోకాలు. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369. విజయనగరాన్ని ఏలుతున్న మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి ఈ సీమను పాలిస్తూ, ఇక్కడ అనంతరాజసాగరం అనే చెరువు కట్టించి వేయించిన శాసనం అది. దీన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చువేయించినవాడు వి.ఎస్. సుక్తంకర్. తర్వాత పుణే భండార్కర్ సంస్థలో మహాభారతం పాఠాలన్నీ జల్లెడపట్టి సంశోధిత ప్రతి తయారుచేసే పనికి సారథ్యం వహించిన పండితుడు ఆయనే. భారతం జోలికి పోకముందు మన చెరువు మీద సాధన చేసుకున్నాడన్నమాట.

దానశాసనాల్లో మామూలుగా ఏముంటుంది? వంశావళి, బిరుదులు, ఇచ్చిన భూమి ఎల్లలు, చివర దాన్ని కాజేసినవాడు పురుగై పుడతాడన్న శాపం. ఈ రాయి అక్కడితో ఆగదు. చెరువు బాగా కుదరాలంటే పన్నెండు సాధనాలు కావాలి, ఆరు దోషాలు ఉండకూడదు అని పాఠం చెబుతుంది. ఆ పన్నెండూ వరసగా చదువుతుంటే రాజుగారి పక్కన ఎవరో మేస్త్రీ నిలబడి వేళ్లు మడిచి లెక్కపెడుతున్నట్టే ఉంటుంది.

మొదటి సాధనం రాజే. ధర్మం తెలిసినవాడు, డబ్బున్నవాడు, కీర్తి మీద ఆశ ఉన్నవాడు అయ్యుండాలట. కీర్తి కాంక్షను దాచుకోకుండా సామగ్రి జాబితాలో చేర్చడం నాకు భలే నచ్చింది. శిలాఫలకం మీద పేరు కోసం కాకపోతే ఎవరు తవ్విస్తారు? రెండోది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. మూడోది గట్టి బంకమట్టి నేల. నాలుగోది మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తీపినీటి ఏరు. ఇక్కడి నుంచి అసలు పనితనం. చెరువును తాకుతూ కొండ ఉండాలి. ఆ కొండ పాయల మధ్య రాతికట్ట పడాలి, అది మరీ పొడవు కాకూడదు, దిట్టంగా ఉండాలి. చెరువు గర్భం విశాలంగా, లోతుగా ఉండాలి. నిడుపైన సాపురాళ్లు దొరికే గని దగ్గర్లో ఉండాలి. కింద సారవంతమైన చదును పొలాలు ఉండాలి.

పోరుమామిళ్లలో జరిగింది అచ్చంగా ఇదే. నాలుగు సహజమైన కొండలు, వాటి నడుమ సందులు పూడుస్తూ మూడు మట్టికట్టలు, కట్టల నీటివైపు కడప బండల పేర్పు. కట్టలో ఎక్కువ భాగం దేవుడు కట్టిందే. మనిషి కట్టింది సందులు మాత్రమే. తక్కువ గోడతో ఎక్కువ నీళ్లు ఆపడం ఇందులోని కిటుకు. 1950ల్లో ఆస్ట్రేలియాలో యోమన్స్ అనే ఆయన, లోయ వాలు మారే చోటు చూసి చిన్న కట్ట వేస్తే చాలని పుస్తకాలు రాశాడు. పర్మాకల్చర్ వాళ్లు ఈనాటికీ ఆ పద్ధతిని కళ్లకద్దుకుంటారు. అద్దుకోవలసిందే. పోరుమామిళ్ల వైపు కూడా ఒక చూపు చూస్తే ఆయన గౌరవానికేం లోటు రాదు.

దోషాలు ఇంకా రుచిగా ఉంటాయి. కట్ట ఊట కారడం ఒకటి, చౌటినేల మరొకటి. గర్భం మధ్యలో తాబేటి వీపులా మిట్ట ఉండటం ఇంకో దోషం: చూడటానికి చెరువు పెద్దగా కనిపిస్తుంది, నిలిచే నీళ్లు తక్కువ, ఎండకు ఎగిరిపోయేది ఎక్కువ. నీళ్లు కొంచెమై ఆయకట్టు పెద్దదైనా దోషమే, నీళ్లు ఎక్కువై భూమి చాలకపోయినా దోషమే. ఎన్నికల ముందు ఆయకట్టు లెక్కలు ప్రకటించేవాళ్లు ఈ రెండింటినీ పటం కట్టించి గోడకు తగిలించుకోవచ్చు. మిగిలింది, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టడం. 2023 నవంబరు ఆఖరున నాగార్జునసాగర్ కట్ట మీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు నాకు ఈ దోషమే గుర్తొచ్చింది.

పన్నెండో సాధనం, జాబితాలో చిట్టచివరిది, పని తెలిసిన కూలి జనం. చివర వేసినా శాసనం వాళ్లను లెక్కలోకి తీసుకుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని. విరామం లేకుండా సాగిందనుకుంటే ఏడు లక్షల పైచిలుకు కూలిదినాలు. కొండలతో కలిపి కట్ట పొడవు 5,000 రేఖాదండాలు, ఎత్తు 7, వెడల్పు 8. ఆ వెయ్యి మందిలో ఒక్కరి పేరూ లేదు. పంతొమ్మిదేళ్ల తర్వాత, 1388 నాటి మరో శాసనంలో మాత్రం పెన్న నీళ్లను కాలువ తీసి సిరువేరు చెరువుకు చేర్చిన సింగాయభట్టు పేరు ఉంది. పార పట్టినవాడికి ఆ భాగ్యం అక్కడా లేదు.

ఈ రాయిలో నాకు వెలితిగా తోచేది ఒకటి. కట్టడానికి కావలసిన పన్నెండూ చెప్పింది, కట్టాక కాపలా ఎవరన్నది ఆ పన్నెండులో లేదు. ఆ వెలితిని ఊళ్లు పూడ్చుకున్నాయి. చెరువు తవ్వి మరమ్మతు చేసేవాడికి దశబంధం కింద భూమి లేదా ఫలసాయంలో వాటా. తూము దగ్గర నీరుగంటి. తెలంగాణలో అతనే నీరటి. పాత తూమును దగ్గరగా చూస్తే అతని పని ఎంతటిదో తెలుస్తుంది. నీళ్లలో రెండు రాతి స్తంభాలు, వాటిని కలుపుతూ కంతలున్న అడ్డబండలు, ఆ కంతల్లోంచి కిందకు దిగే పొడవాటి కొయ్య, కొయ్య చివర అడుగురాతి రంధ్రాన్ని మూసే బిరడా. అది ఎంత లేపాలో, ఎప్పుడు దించాలో, ఎవరి మడికి ఏ జాము నీళ్లో అతనే చూసుకునేవాడు. పంట నూర్చిన రోజు కళ్లంలోనే అతనికి మేర కొలిచి పెట్టేవారు. మా తాత తరం రైతులు కరణాన్ని తిట్టుకున్నా నీరుగంటితో మాత్రం మంచిగా ఉండేవారు.

ఇంగ్లీషువాళ్ల కాలాన్ని వేగంగా దాటేద్దాం. 1852కు ధవళేశ్వరం ఆనకట్ట లేచింది, డెల్టా తిరిగింది, కాటన్ దొర విగ్రహమయ్యాడు. మెట్టసీమ చెరువులకు మాత్రం 1858లో కుడిమరామతు చట్టం వచ్చింది: ఊరివాళ్లు వంతులేసుకుని చేసుకునే పని కాస్తా సర్కారు బలవంతపు చాకిరీ అయింది. 1876-78 కరువు లక్షల ప్రాణాలు మింగాక గానీ చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుకాలేదు.

అక్కడి నుంచి కథ సూటిగా నడవదు. మోలిసన్, హోమ్‌గ్రెన్ అనే ఇద్దరు టాస్మేనియాలో కూర్చుని 1978లో పర్మాకల్చర్ మీద తొలి పుస్తకం వేశారు. 1987లో మోలిసన్ ఇండియా వచ్చి పాఠాలు చెప్పాడు. ఆ విత్తనం మెదక్ ఎర్రనేలల్లో పడింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పర్మాకల్చర్ క్షేత్రం పెట్టింది. ముప్పై ఏళ్లకు, 2017 నవంబరులో, ప్రపంచమంతా తిరిగే పర్మాకల్చర్ మహాసభ హైదరాబాద్‌కు వచ్చింది. ఇటు కోనసీమలో కొబ్బరి కింద అరటి, కోకో, కంద, పసుపు వేసే రైతు మాత్రం తనది ఫుడ్ ఫారెస్టని ఎన్నడూ అనుకోలేదు. అది అతనికి తోట, అంతే. ఇప్పుడు అదే పద్ధతి ఐదంచెల సాగు పేరుతో అనంతపురం మెట్టకు ఎక్కింది. కోనసీమ వానలు మాత్రం దానితో పాటు రాలేదు. తొలి మూడేళ్లూ బిందెలతో నీళ్లు మోసి మొక్కల్ని బతికిస్తున్న ఆడవాళ్లు ఏ ఐదంచెల బొమ్మలోనూ కనబడరు.

చెరువులకూ మంచి రోజులు రాకపోలేదు. 2015లో మిషన్ కాకతీయ మొదలై 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకుంది. ట్రాక్టర్లకొద్దీ పూడికమట్టి చేలకెక్కింది. ఆంధ్రలో నీరు-చెట్టు, పంట కుంటలు. జేసీబీ ఉంటే ఎకరం చెక్కలో కుంట ఒక పూట పని. అడుగున ప్లాస్టిక్ షీటు పరిస్తే పోరుమామిళ్ల రాయి అడిగిన బంకమట్టి కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లోనైతే చెరువు శిఖం భూముల్లో లేచిన మేడలను కూల్చడానికి 2024లో హైడ్రా అని ఒక సంస్థనే పెట్టాల్సివచ్చింది.

నీరటి సంగతి చెప్పనే లేదు కదూ. కాలక్రమంలో అతన్ని ఊరి మిగతా కావలికాళ్లతో కలిపి గ్రామ రెవెన్యూ సహాయకుణ్ని చేశారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆ సహాయకుల ఉద్యోగాలు ఖాయం చేసి రెవెన్యూ, మున్సిపల్, మిషన్ భగీరథ, నీటిపారుదల శాఖల్లో సర్దింది. జీతం వచ్చింది, స్కేలు వచ్చింది, అది న్యాయమే. తూము కొయ్య పట్టే పని ఎవరికి అప్పగించారన్నది ఊళ్లలో ఇప్పటికీ తెగలేదు. కింది మళ్లవాళ్లు వచ్చి లేపుతున్నారు, పై మళ్లవాళ్లు వచ్చి దించుతున్నారు, మధ్యలో సర్పంచి ఫోను ఎత్తడం లేదు.