సాంగోలా శాసనసభ్యుడు: గణపతరావు దేశ్‌ముఖ్ ఎన్నికల చరిత్ర

స్వతంత్ర భారతదేశ రాజకీయ చరిత్రను ప్రధానమంత్రులనూ, ముఖ్యమంత్రులనూ కేంద్రంగా చేసుకొని వ్రాయడం పరిపాటి. సామాన్య శాసనసభ్యుని చరిత్ర ఎన్నికల ఫలితాల పట్టికలో ఒక పంక్తితో ముగిసిపోతుంది. అయినా ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం గ్రామసీమలలో ఎలా వేళ్ళూనిందో తెలియాలంటే ఆ పంక్తుల వెనుకకు పోయి చూడక తప్పదు. మహారాష్ట్రలోని సాంగోలా నియోజకవర్గం నుండి 1962 మొదలు 2014 వరకు ఒకే పార్టీ పక్షాన 13 పర్యాయాలు పోటీచేసి, 11 పర్యాయాలు గెలుపొందిన గణపతరావు దేశ్‌ముఖ్ జీవితం ఇందుకు చక్కని ఉదాహరణ. ఆయన విజయాల సంఖ్య అందరికీ తెలిసినదే. ఓడిపోయిన రెండు ఎన్నికలు అంతకన్న ఎక్కువ విషయాలు చెబుతాయి.

వర్షచ్ఛాయలో ఒక తాలూకా

షోలాపూరు తెలుగువారికి పరాయి ఊరు కాదు. మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ ప్రాంతం నుండి తరలివెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా అక్కడ స్థిరపడి ఉన్నాయి. ఆ నగరానికి పశ్చిమంగా, పండరిపురానికి పొరుగున ఉన్నది సాంగోలా తాలూకా. నైరుతి ఋతుపవనాలు తెచ్చే వాన సహ్యాద్రి పడమటి వాలులోనే అధికభాగం కురిసిపోవడంతో ఈ నేలకు మిగిలేది స్వల్పం. జొన్న, సజ్జ పంటలు, గొర్రెల మందలు, పశువుల సంత - ఇవే చిరకాలంగా ఇక్కడి జీవనాధారాలు. తాలూకా గుండా పారే మాణ్ నది సంవత్సరంలో చాలాకాలం ఇసుకమేటగానే కనిపిస్తుంది. ఆ నది భీమానదిలోనూ, భీమ తెలంగాణ సరిహద్దున కృష్ణలోనూ కలుస్తాయి. సాంగోలా కరవు, తెలుగునాట కృష్ణా ఆయకట్టు ఒకే నదీ కుటుంబానికి చెందినవన్న సంగతి ఈ చరిత్రలో ముందుముందు అక్కరకు వస్తుంది.

గణపతరావు 1926లో షోలాపూరు జిల్లాలోనే, మోహోళ్ తాలూకా పెనూరు గ్రామంలో జన్మించారు. న్యాయశాస్త్రం చదివారు. పశుపాలకులైన ధనగర్ల సామాజిక వర్గానికి చెందినవారు. తెలుగునాట కురుమలతో పోల్చదగిన ఈ వర్గం సాంగోలాలో సంఖ్యాబలం కలది. ఆయన విజయాలను విశ్లేషించేటప్పుడు ఈ అంశాన్ని విస్మరించడానికి వీలులేదు. అలాగని యాభై సంవత్సరాల విజయాలను దీనితోనే వివరించడమూ సాధ్యం కాదు. ఆ సంఖ్యాబలం ఉన్న రోజులలోనే ఆయన రెండుమార్లు ఓడిపోయారు.

పార్టీ, తొలి విజయం

ఆయన చేరిన పార్టీ షేత్కరీ కామ్‌గార్ పక్షం, అనగా రైతు కార్మిక పక్షం. కేశవరావు జేధే, శంకరరావు మోరే ప్రభృతులు 1947-48 ప్రాంతంలో కాంగ్రెసు నుండి వేరుపడి దీనిని స్థాపించారు. మహారాష్ట్ర బ్రాహ్మణేతర ఉద్యమ వారసత్వం, మార్క్సిస్టు ఆలోచన ఈ పక్షంలో కలిసి నడిచాయి. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ఇది ప్రముఖ పాత్ర వహించింది. 1960 మే 1న మహారాష్ట్ర రాష్ట్రం అవతరించింది. భాషారాష్ట్ర సాధనతో ఉద్యమ ప్రధాన లక్ష్యం నెరవేరడంతో, ఆ వేడి తగ్గిన మరుక్షణం ప్రతిపక్షాల బలమూ తగ్గింది.

కొత్త రాష్ట్రంలో 1962లో జరిగిన తొలి శాసనసభ ఎన్నికలలో 264 స్థానాలకుగాను కాంగ్రెసు 215 గెలుచుకొన్నది. రైతు కార్మిక పక్షానికి దక్కినవి 15. ఆ పదిహేనింటిలో సాంగోలా ఒకటి. 1967లో గణపతరావు రెండవసారి గెలుపొందారు.

మొదటి ఓటమి, మహాక్షామం

1971 యుద్ధానంతరం ఇందిరాగాంధీ ప్రభంజనంలో 1972 ఎన్నికలు జరిగాయి. మహారాష్ట్రలో కాంగ్రెసు 270 స్థానాలలో 222 చేజిక్కించుకొన్నది. రైతు కార్మిక పక్షం 7 స్థానాలకు కుదించుకుపోయింది. సాంగోలాలో గణపతరావు ఓడిపోయారు.

ఆ సంవత్సరమే వానలు మొగం చాటేశాయి. 1972-73 కరవు మహారాష్ట్ర చరిత్రలో అతి తీవ్రమైన వాటిలో ఒకటి. 1973 వేసవిలో దాదాపు 50 లక్షలమంది ప్రభుత్వ కరవు పనులలో మట్టి తవ్వి, రాళ్ళు కొట్టి పొట్ట పోసుకొన్నారు. ఆకలి మరణాలను చాలావరకు నివారించగలగడానికి ఈ పనులే కారణమని చరిత్రకారులు, ఆర్థికవేత్తలు గుర్తించారు. కరవు ప్రాంత ప్రజల గొంతు శాసనసభలో వినిపించవలసిన ఆ కాలంలో గణపతరావు సభ వెలుపల ఉండవలసి వచ్చింది. 1974 ఉప ఎన్నికలో సాంగోలా ఓటర్లు ఆయనను తిరిగి సభకు పంపారు. కాంగ్రెసు తిరుగులేని ఆధిక్యంలో ఉన్న దశలో, రెండు సంవత్సరాల వ్యవధిలో ఒక నియోజకవర్గం తన తీర్పును తానే మార్చుకోవడం గమనించదగినది. ఆ తరువాత 1978, 1980, 1985, 1990 ఎన్నికలలో ఆయనకు ఓటమి లేదు.

పని హక్కు

ఆ క్షామానుభవం నుండి రూపుదిద్దుకొన్నదే మహారాష్ట్ర ఉపాధి హామీ పథకం. పనికోరి వచ్చిన గ్రామీణునికి పని చూపడం ప్రభుత్వ బాధ్యత అన్న ఈ భావనకు రూపకర్త విధాన పరిషత్తు అధ్యక్షులు వి.ఎస్. పాగే. 1977లో చట్టం వచ్చింది. 1979 జనవరి 26 నుండి అమలులోకి వచ్చింది. దీనికి నిధులు సమకూర్చిన తీరు పరిపాలకులకు ఆసక్తికరం. వృత్తి పన్ను రూపంలో ప్రధానంగా బొంబాయి మొదలైన నగరాల ఉద్యోగులు, వృత్తిదారుల నుండి వసూలైన సొమ్ముకు రాష్ట్ర ప్రభుత్వం తన వాటాను జతచేసేది. నగరంలో జీతం అందుకొనే గుమాస్తాకు, మెట్టనేలలో పార పట్టిన కూలీకి మధ్య శాసనం ఒక సంబంధాన్ని ఏర్పరచింది.

చట్టం అమలులోకి వచ్చేనాటికి గణపతరావు మంత్రిగా ఉన్నారు. 1978 జులైలో శరద్ పవార్ నాయకత్వాన ఏర్పడిన ప్రగతిశీల ప్రజాస్వామ్య కూటమి ప్రభుత్వంలో రైతు కార్మిక పక్షం భాగస్వామి. 1980 ఫిబ్రవరిలో ఆ ప్రభుత్వం బర్తరఫ్ అయింది. ఆయన తిరిగి ప్రతిపక్షంలోకి వచ్చారు.

మహారాష్ట్ర ప్రయోగం 2005లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టానికి మార్గదర్శకమైంది. 2006 ఫిబ్రవరి 2న ఆ జాతీయ పథకానికి ప్రారంభోత్సవం జరిగింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. మాణ్ నది తీరపు మెట్ట రైతు కష్టం నుండి పుట్టిన ఆలోచన, దేశమంతటికీ వర్తించే చట్టమై, మరొక వర్షచ్ఛాయా ప్రాంతమైన రాయలసీమలో తొలి అడుగు వేసింది.

నీటి కోసం

పని దొరికితే ఆకలి తీరుతుంది. నీరు లేనిదే కరవు తీరదు. 1976లో వెలువడిన కృష్ణా జలవివాదాల ట్రిబ్యునల్ తుది నిర్ణయం, బచావత్ అవార్డుగా ప్రసిద్ధమైనది, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.ఎం.సి.ల నీటిని కేటాయించింది. 2000 మే 31 తరువాత ఈ నిర్ణయాన్ని పునఃపరిశీలించవచ్చునని పేర్కొన్నది. తమ వాటా నీటిని ఆ గడువులోగా వినియోగంలోకి తెచ్చుకోవాలన్న ఆతురత ఎగువ రాష్ట్రాలలో పెరిగింది. అయితే ఆ నీరు ఎవరి పొలానికి చేరాలి? కాలువలకు దిగువనున్న చెరకు తోటలకా, ఎత్తున ఉన్న మెట్ట తాలూకాలకా?

ఈ ప్రశ్నను 1990ల ఆరంభంలో ఆట్‌పాడీ కేంద్రంగా జరిగిన పాణీ పరిషత్తులు, అనగా నీటి సదస్సులు, బహిరంగంగా లేవనెత్తాయి. స్వాతంత్ర్య సమరయోధుడు నాగనాథ్ నాయక్‌వాడీ, భరత్ పాటణ్‌కర్ మొదలైనవారితోపాటు గణపతరావు వీటికి నాయకత్వం వహించారు. కరవు తాలూకాలకు కృష్ణా నీటిని ఎత్తిపోయాలనీ, ఆ నీటిని భూమిలేని కుటుంబాలతో సహా అందరికీ సమానంగా పంచాలనీ సదస్సులు కోరాయి. కరాడ్ తాలూకాలోని టెంభూ వద్ద కృష్ణ నుండి నీటిని తోడి సతారా, సాంగ్లీ, షోలాపూరు జిల్లాల మెట్టకు చేర్చే ఎత్తిపోతల పథకం ఈ నేపథ్యంలో ముందుకు వచ్చింది. 1996లో మహారాష్ట్ర కృష్ణా లోయ అభివృద్ధి సంస్థ ఏర్పడింది.

కృష్ణా డెల్టాలోను, నాగార్జునసాగర్ ఆయకట్టులోను వ్యవసాయం చేసే తెలుగు రైతుకు ఎగువన జరిగే ప్రతి ఎత్తిపోతా ఆందోళన కలిగించేదే. ఆ ఆందోళన నిరాధారం కాదు. కాని ఎగువన ఆ నీటిని కోరినవారందరూ చెరకు కర్మాగారాల యజమానులు కారనీ, వారిలో సాంగోలా జొన్న రైతు కూడా ఉన్నాడనీ గ్రహిస్తే నదీజలాల చర్చకు మానవీయమైన పరిమాణం ఏర్పడుతుంది.

రెండవ ఓటమి

1995 ఎన్నికలలో కాంగ్రెసు అభ్యర్థి షహాజీబాపూ పాటిల్ చేతిలో గణపతరావు 200 లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. విచిత్రమేమంటే, 1972లో వలెనే ఈసారి కూడా ఆయన సభలో లేని కాలంలోనే తన ప్రాంత భవితవ్యాన్ని నిర్ణయించే ఘట్టం వచ్చింది. అప్పుడు కరవు, ఇప్పుడు కృష్ణా లోయ సంస్థ స్థాపన. సభలో స్థానం పోయినా నీటి సదస్సులు ఆగలేదు. 1999లో ఓటర్లు ఆయనను మళ్ళీ ఎన్నుకొన్నారు. విలాసరావు దేశ్‌ముఖ్ మంత్రివర్గంలో ఆయన చేరారు. 2002లో రైతు కార్మిక పక్షం ఆ కూటమి నుండి వైదొలగింది. ఐదు దశాబ్దాల శాసనసభ జీవితంలో ఆయన అధికార పక్షాన ఉన్నది ఈ రెండు స్వల్ప కాలాలలోనే.

ఇతర దీర్ఘకాల సభ్యులతో పోల్చినప్పుడు ఈ విశేషం స్పష్టమవుతుంది. తమిళనాట ఎం. కరుణానిధి 1957 నుండి 2016 వరకు పోటీచేసిన 13 ఎన్నికలలోనూ గెలిచారు; ఆయన అయిదు పర్యాయాలు ముఖ్యమంత్రి. కేరళలో పాలా నుండి 1965 మొదలు గెలుస్తూ వచ్చిన కె.ఎం. మాణి అనేక మంత్రివర్గాలలో ఆర్థికమంత్రి. అధికారం చేతిలో ఉంటే నియోజకవర్గానికి చేయగల మేలు ఎక్కువ. గణపతరావు ప్రతిపక్షపు బల్లపై కూర్చొని సాధించవలసి వచ్చింది. సభలో ప్రశ్న, సభ వెలుపల సదస్సు, తాలూకాలో సహకార సంస్థ - ఈ మూడే ఆయన సాధనాలు. సాంగోలాలోని రైతుల సహకార నూలు మిల్లు మూడవదానికి నిదర్శనం. శాసనసభ్యుడై ఉండి కూడా రాష్ట్ర రవాణా సంస్థ బస్సులో ప్రయాణించడం ఆయన అలవాటు. ఓటరుకు ప్రతినిధి అందుబాటులో ఉండడానికి అది కూడా ఒక మార్గమే.

ఈలోగా తాలూకా రూపురేఖలు మారాయి. 1990లో ఉపాధి హామీ పథకానికి పండ్లతోటల పెంపకాన్ని జోడించడంతో మెట్ట భూములలో దానిమ్మ విస్తరించింది. 2020 డిసెంబరు 28న దేశంలో నూరవ కిసాన్ రైలు పశ్చిమ బెంగాలులోని షాలిమార్‌కు బయలుదేరినది సాంగోలా నుండే. కరవు పనులకు పేరుపడిన ఊరు పండ్ల ఎగుమతికి పేరుపొందింది. ఈ మార్పు ఏ ఒక్కరి ఘనతా కాదు. రైతుల శ్రమ, బిందుసేద్యం, ప్రభుత్వ పథకాలు అన్నీ ఇందులో ఉన్నాయి.

చివరి అధ్యాయం

2012లో మహారాష్ట్ర ప్రభుత్వం, శాసనసభ ఆయనను ఘనంగా సన్మానించాయి. 2014లో, 88వ ఏట, ఆయన పదకొండవ విజయం సాధించారు. 2019లో పోటీనుండి విరమించుకొన్నారు. ఆయన మనుమడు అనికేత్ బరిలోకి దిగి, షహాజీబాపూ పాటిల్ చేతిలోనే 768 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2021 జులై 30న షోలాపూరులో గణపతరావు కన్నుమూశారు. 2024 ఎన్నికలలో మరొక మనుమడు బాబాసాహెబ్ అదే పార్టీ పక్షాన సాంగోలాను తిరిగి గెలుచుకొన్నారు. ఆ ఎన్నికలలో మహారాష్ట్ర అంతటా రైతు కార్మిక పక్షానికి దక్కిన స్థానం అదొక్కటే.

ఇక్కడ చరిత్రకారుడు మరొక పక్షాన్నీ చూపవలసి ఉంటుంది. 1962లో 15 మంది సభ్యులున్న పార్టీ 2014 నాటికి ముగ్గురికి దిగింది. సాంగోలాలో గణపతరావు సంపాదించిన విశ్వాసం పొరుగు తాలూకాలకు వ్యాపించలేదు. సహకార చక్కెర కర్మాగారాలు, బ్యాంకులు కాంగ్రెసు నాయకుల చేతులలో ఉండగా చిన్న పార్టీకి రాష్ట్రమంతటా నిలదొక్కుకోవడం కష్టమైంది. సిద్ధాంతం మీద పుట్టిన పార్టీ చివరకు ఒక తాలూకాలో ఒక కుటుంబం పేరుతో నిలవడంలోని వైరుధ్యాన్ని కాదనలేము.

అయినా సాంగోలా ఓటరు ప్రవర్తనలో ఒక స్థిరత్వం కనిపిస్తుంది. ఎంత గౌరవించినా ఆ ఓటరు తన ప్రతినిధికి సభాస్థానాన్ని వంశపారంపర్య ఈనాముగా వ్రాసి ఇవ్వలేదు. 1972లో తీసివేసి 1974లో ఇచ్చాడు. 1995లో తీసివేసి 1999లో ఇచ్చాడు. 2019లో మనుమనికి నిరాకరించి 2024లో మరొక మనుమనికి ఇచ్చాడు. గణపతరావు కూడా ఓటమి తరువాత పార్టీ మారలేదు, నియోజకవర్గం మారలేదు. ఓడిన చోటనే మళ్ళీ నిలబడి, అదే ఓటరును మళ్ళీ అడిగారు. శాసనసభ రికార్డులలో 11 విజయాలు నమోదై ఉంటాయి. వాటికి విలువ సమకూర్చినవి ఆ రెండు ఓటములే.