ట్రైలర్‌ను లాగే సత్తువ

కరెంటు లేని చోట దీపం వెలగాలన్న ఆశ అమెరికా క్యాంపింగ్‌కు మొదట్నుంచీ ఉంది. 1910ల చివర్లో హెన్రీ ఫోర్డ్, థామస్ ఎడిసన్ అడవుల్లో విడిది చేసినప్పుడు వంట సరంజామాతో లారీ వెంట నడిచేది. గుడారాల్లో బల్బులు బ్యాటరీలతో వెలిగేవి.

ఆ హంగంతా ఒక్క ట్రైలర్‌లో ఇమిడింది 1936లో. వాలీ బయామ్ తెచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్‌కు అల్యూమినియం ఒళ్లు, నలుగురికి పడక, సొంత నీళ్లు, విద్యుద్దీపాలు. ధర 1,200 డాలర్లు. అప్పట్లో అది చిన్న మొత్తమేమీ కాదు.

మరి దాన్ని లాగేదెవరు?

1959లో బయామ్ బృందం 41 ట్రైలర్లతో కేప్‌టౌన్ నుంచి కైరోకు కదిలింది. ఇథియోపియా బురదలో చక్రాలు కూరుకుపోతుంటే ట్రైలర్ అందం ఎవరికీ అక్కరకు రాలేదు, ఇంజను సత్తువే గట్టెక్కించింది. ఆ యాత్రలో చాలామంది నమ్ముకున్నది ఇంటర్నేషనల్ హార్వెస్టర్ పికప్‌లను.