శనివారం ఒక్కపొద్దు, ఆదివారం బిర్యానీ

మన తిండికి క్యాలరీల లెక్క కట్టే పని నీలగిరుల్లోని కూనూరులో జరిగింది. 1918లో పరిశోధకుడు మెకారిసన్ అక్కడ నెలకొల్పిన పరిశోధన కేంద్రం నుంచే, 1937లో, పోషకాహార శాస్త్రవేత్త ఐక్రాయిడ్ భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికలు వెలువరించారు. ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

వారానికో ఉపవాసం, వారానికో విందు అనే పద్ధతి మాత్రం అంతకన్నా పాతది. వేంకటేశ్వరుడి పేరిట శనివారం ఒక్కపొద్దుండి, ఆదివారం మాంసం వండుకునే ఇళ్లు తెలుగునాట ఎన్నో. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకైతే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బిర్యానీ కూతవేటు దూరమే. ఒక్కపొద్దు రాత్రి అన్నం మాని నూనె ఓడే అట్లు తింటే బరువు తగ్గదు, మిగిలేది పుణ్యమే: గ్రాము పిండిపదార్థానికి 4 క్యాలరీలైతే కొవ్వుకు 9. వారం మొత్తంలో ఒళ్లు ఖర్చుచేసే క్యాలరీలకన్నా తక్కువ తింటేనే, ఆదివారం బిర్యానీ తిన్నా, బరువు తగ్గుతుంది.