తరగతి గదిలో నిలిచిన సిద్ధాంతం: జాన్స్ హాప్‌కిన్స్‌లో ఎపిడెమియాలజీ పరిశోధక శిక్షణ

ఒక శాస్త్రంలో పరిశోధక శిక్షణ చరిత్రను సాధారణంగా పట్టాల పేర్లు, ప్రచురిత గ్రంథాల ఆధారంగా రాస్తారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో సాంక్రామిక వ్యాధుల శాస్త్రం, అంటే ఎపిడెమియాలజీ, బోధించిన తీరును అంచనా కట్టడానికి ఆ ఆధారాలు చాలవు. అక్కడ రూపొందిన ఒక ముఖ్య సిద్ధాంతం రెండు దశాబ్దాలకు పైగా అచ్చుకు నోచుకోక, పాఠంగానే కొనసాగింది.

విలియం వెల్చ్, విక్లిఫ్ రోజ్ 1915లో సమర్పించిన నివేదిక ఫలితంగా, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ధనసహాయంతో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో 1916లో ప్రజారోగ్య విద్యాలయం ఏర్పడింది. (కలకత్తాలో 1932లో ప్రారంభమైన అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థకూ తోడ్పడింది ఈ ఫౌండేషనే.) రోజ్ దృష్టి ఆరోగ్యాధికారులను తయారుచేయడంపై ఉండగా, వెల్చ్ మొగ్గు పరిశోధన వైపు. విద్యాలయంలో వెల్చ్ మాటే ఎక్కువగా చెల్లింది. 1918 అక్టోబరులో తరగతులు మొదలైనప్పుడు నగరమంతటా ఇన్‌ఫ్లుయెంజా చెలరేగుతోంది.

మరుసటి ఏడాది అక్కడ అధ్యాపకుడిగా చేరిన వేడ్ హాంప్టన్ ఫ్రాస్ట్ (1880–1938) అంతవరకు ప్రభుత్వ ప్రజారోగ్య సేవలో పనిచేసిన వైద్యుడు. పోలియో, ఇన్‌ఫ్లుయెంజా వ్యాప్తిని క్షేత్రస్థాయిలో పరిశీలించినవాడు. ఆయన బోధనలో ఉపన్యాసం కన్నా అభ్యాసానికే పెద్దపీట. నిజంగా సంభవించిన ఒక వ్యాధి వ్యాప్తికి సంబంధించిన లెక్కలను విద్యార్థుల ముందు ఉంచేవారు. కేసులను తేదీలవారీగా, ఇళ్లవారీగా, వయసులవారీగా విడదీసి కారణం వైపు నడవవలసిన బాధ్యత విద్యార్థిదే. జాన్ స్నో కలరా రచనలను 1936లో తన పీఠికతో ఫ్రాస్ట్ తిరిగి ప్రచురింపజేయడాన్ని కూడా ఈ బోధనా పద్ధతిలో భాగంగానే చూడాలి. స్నోను ఆయన నిలిపినది పూజించడానికి కాదు, తర్కాన్ని అంచెలంచెలుగా పరీక్షించడానికి.

గణాంకశాస్త్ర ఆచార్యుడు లోవెల్ రీడ్‌తో కలిసి ఆయన తయారుచేసిన పాఠం మరింత ఆసక్తికరం. ఒక్క రోగి నుంచి వ్యాధి సోకకుండా తప్పించుకునే సంభావ్యత 0.9 అనుకుంటే, ముగ్గురు రోగులున్నప్పుడు ఆ ముగ్గురి నుంచీ తప్పించుకునే సంభావ్యత 0.729, అంటే సోకే అవకాశం 27 శాతం. ఈ విడతలో సోకినవారు తరువాతి విడతకు రోగులవుతారు. ముందటి రోగులు నిరోధకత పొందినవారవుతారు. దీన్ని రంగురంగుల గోలీలతో ప్రదర్శించేవారు. గోలీలను కలిపి ఒక తొట్టెలోకి దొర్లించి, రోగికి గుర్తుగా ఉన్న గోలీ పక్కన ఏది నిలిచిందో చూసి సోకినవారిని లెక్కించేవారు. వ్యాధి సోకగలవారు ఇంకా మిగిలి ఉండగానే వ్యాప్తి అణగిపోవడం విద్యార్థుల కళ్ల ముందే జరిగేది. రోగక్రిమి బలం తగ్గడం వల్లనే మహమ్మారి ఆగుతుందనే వాదానికి ఇంతకన్నా సూటి సమాధానం కష్టం.

ఈ సిద్ధాంతాన్ని వారిద్దరూ ప్రచురించలేదు. అది అచ్చువేయదగినంత పెద్ద విషయం కాదని వారు తలచారని చెబుతారు. ఆ వినయానికి శాస్త్రం కొంత మూల్యం చెల్లించిందనే అనాలి. ఇటువంటి లెక్కనే రష్యాలో ఎంకో 1889లోనే ప్రతిపాదించిన సంగతి చాలాకాలం మరుగునపడి ఉంది. బాల్టిమోర్ పాఠం సకాలంలో అచ్చయి ఉంటే పోలికలు త్వరగా బయటపడేవేమో.

క్షయపై ఫ్రాస్ట్ చివరి వ్యాసం మరణానంతరం 1939లో వెలువడింది. ఒకే సంవత్సరపు మరణాలను వయసులవారీగా పేర్చితే వృద్ధులకే ముప్పు ఎక్కువన్నట్లు కనిపిస్తుంది. ఒకే కాలంలో పుట్టినవారిని ఒక సమూహంగా దశాబ్దాల వెంట అనుసరిస్తే, ఆ వృద్ధులే తమ యౌవనంలో అంతకన్నా అధిక మరణాలను దాటి వచ్చారని తేలుతుంది. ఫ్రాస్ట్ స్వయంగా క్షయ బారిన పడి కోలుకున్నవారు.

గోలీల పాఠానికి నిలకడైన లిఖితరూపం అక్కడే పరిశోధన చేసిన హెలెన్ ఆబీ చేతిలో ఏర్పడింది. 1952లో ప్రచురించిన వ్యాసంలో ఆమె ఆ సిద్ధాంతాన్ని వాస్తవ అంటువ్యాధుల లెక్కలతో పోల్చి పరీక్షించింది. గురువుల మాటను ఆమె యథాతథంగా స్వీకరించలేదన్నది గమనార్హం. ఇదే విషయంపై ఫ్రాస్ట్ 1928లో హార్వర్డ్‌లో చేసిన ఉపన్యాసం మాత్రం 1976లో గాని అచ్చు కాలేదు.