పట్నం పోతే ఇవీ చూడండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎడపల్లి నుంచి మొదటిసారి హైదరాబాద్ పోయినప్పుడు మేం 1591 నాటి చార్మినార్ కాడ ఫోటో దిగి, చరిత్రంటే ఇదే అనుకుని తిరిగొచ్చినం. మీరు అట్ల చేయకండి.

జేబీఎస్‌లో బస్సు దిగి ట్యాంక్‌బండ్ పోండి. నిజాం సర్కారుతో కొట్లాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కుమ్రం భీం, అదే నిజాం రాజధానిలో విగ్రహమై నిలబడ్డడు.

తర్వాత బంజారాహిల్స్. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన లంబాడీలు ఉన్న గుట్టలు కాబట్టే ఆ పేరు. ఇప్పుడన్నీ అద్దాల మేడలే. 2022లో అక్కడే సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీం ఆదివాసీ భవన్ తెరిచారు.

ఆ మేడల ముందు తల దించకండి. ఆ ఊరికి మనం కొత్తోళ్లం కాదు.