కానుగ గింజ నుంచి విమానం ట్యాంకు దాకా: ‘బీడు’ అనే మాట కథ

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

తాడేపల్లిగూడెం వెళ్లినోళ్లకి అక్కడి పాత రన్‌వే తెలిసే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్ వాళ్లు వేశారు. యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్లిపోయాయి, రన్‌వే మిగిలింది. అక్కడికి మళ్లీ విమానం వస్తుందా రాదా అన్నది నా విషయం కాదు. విమానంలో పోసే ఇంధనాన్ని చెట్ల నుంచి, పంటల నుంచి తియ్యాలనే ఆలోచన ఇప్పుడు ప్రపంచమంతా బలపడుతోంది. ఆ ఆలోచన మన ఏజెన్సీ గడప తొక్కడం ఇది మొదటిసారి కాదు. ఇరవై ఏళ్ల కిందటే తొక్కింది. అప్పుడేం జరిగిందో తెలిస్తే, రేపు ఎవరైనా కాగితాలు పట్టుకుని ఊళ్లోకి వచ్చినప్పుడు ఏం అడగాలో మనకి తెలుస్తుంది.

అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూర్ మండలంలో పవర్‌గూడ అని ఒక గోండు గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచాయి. ఐటీడీఏ నూనె మిల్లు ఇచ్చింది, ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు సాయం చేశారు. గింజ ఏరేది వాళ్లే, నూనె ఆడేది వాళ్లే, చెక్క పొలానికి ఎరువుగా వేసుకునేదీ వాళ్లే. డీజిల్ బదులు కానుగ నూనె వాడితే పదేళ్లలో 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలవకుండా ఆగుతుందని లెక్క కట్టారు. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ 147 టన్నులకి 645 డాలర్లు చెల్లించింది. అప్పటి లెక్కన సుమారు 30 వేల రూపాయలు. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సు వల్ల గాలిలో కలిసిన పొగకి బదులుగా ఇచ్చిన డబ్బు అది. ఒక్కసారి ఆలోచించండి. ఎక్కడి వాషింగ్టన్, ఎక్కడి జైనూర్! అక్కడి పెద్దల సదస్సు పొగని ఇక్కడ మన అక్కలు పెంచిన కానుగ చెట్టుతో సరిపెట్టారు. 30 వేలు పెద్ద మొత్తమా అంటే కాదు. కానీ చెట్టు వాళ్ల చేతిలో, మిల్లు వాళ్ల చేతిలో ఉన్నాయి కాబట్టి ఆ డబ్బు కూడా వాళ్ల చేతికే వచ్చింది.

అయితే కానుగ నూనెతో జనరేటర్ తిప్పడం వేరు, విమానం ఎగరడం వేరు. 35 వేల అడుగుల ఎత్తులో బయటి చలి మైనస్ 50 డిగ్రీలు దాటుతుంది. మామూలు బయోడీజిల్ ఆ చలికి పేరిన నెయ్యిలాగా గడ్డకడుతుంది. విమాన ఇంధనం మైనస్ 47 దాకా గడ్డకట్టకూడదని నిబంధన. అందుకే నూనెలోకి హైడ్రోజన్ పంపి అందులోని ఆక్సిజన్ తీసేస్తారు, పొడుగు గొలుసుల్ని చిన్నగా విరగ్గొడతారు. అప్పుడది రసాయనికంగా కిరోసిన్‌కి అన్నదమ్ములా తయారవుతుంది. ఈ పని గూడెంలో పెట్టే మిల్లులో అయ్యేది కాదు, రిఫైనరీ కావాలి. ఇక్కడే మన చెయ్యి జారిపోతుంది. నూనె దాకా మనది, ఇంధనం మాత్రం కంపెనీది.

పవర్‌గూడ అక్కలకి డబ్బు వచ్చిన ఆ 2003లోనే ఢిల్లీలో ఇంకో కథ మొదలైంది. ప్రణాళికా సంఘం కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. దేశంలో కోటి హెక్టార్లకి పైగా భూమిలో జట్రోఫా వెయ్యొచ్చని చెప్పింది. జట్రోఫా అంటే మనోళ్లు అడవి ఆముదం, నేపాళం అనేదే. నీళ్లు అక్కర్లేదు, పశువులు ముట్టవు, బీడు భూమిలో కూడా పెరుగుతుందని ప్రచారం చేశారు. 2009 జాతీయ జీవ ఇంధన విధానం ఇంకో అడుగు ముందుకేసి, 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం జీవ ఇంధనం కలపాలంది. అది జరగలేదు. నీళ్లు పెట్టకపోతే జట్రోఫా బతికింది గానీ కాయలేదు. కాసినా కాయలన్నీ ఒకేసారి పండవు, కూలి గిట్టదు. పశువులు ముట్టవని గొప్పగా చెప్పారు కదా, పంట పోయినప్పుడు అదే నష్టమైంది, మేతకి కూడా పనికిరాలేదు.

చెట్టు ఫెయిలైంది సరే. నాకు బాధ కలిగించేది ఆ ‘బీడు’ అనే మాట. రెవెన్యూ రికార్డులో బీడు అని రాసిన నేల మన దగ్గర నిజంగా బీడేనా? పశువులు మేసేది అక్కడే. కట్టెలు, గడ్డలు, ఆకు తెచ్చుకునేది అక్కడే. రెండు మూడేళ్లు వదిలేసి మళ్లీ కొట్టుకునే పోడు కూడా పైనుంచి చూసేవాడికి బీడులాగే కనిపిస్తుంది. మనకి పనికొచ్చే భూమి వాళ్ల పటంలో ఖాళీ జాగా.

ఇంతలో ఒక విమానం నిజంగానే ఎగిరింది. 2018 ఆగస్టు 27న స్పైస్‌జెట్ విమానం డెహ్రాడూన్ నుంచి ఢిల్లీ వెళ్లింది. ఇంధనంలో 25 శాతం జట్రోఫా నూనెతో డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ తయారు చేసింది. గింజలు వచ్చింది ఛత్తీస్‌గఢ్ రైతుల దగ్గర్నుంచి. 2019 రిపబ్లిక్ డే నాడు వైమానిక దళం ఏఎన్-32 కూడా 10 శాతం జీవ ఇంధనంతో రాజ్‌పథ్ మీదుగా ఎగిరింది. ఆ శాస్త్రవేత్తల పని గొప్పదే, అందులో అనుమానం లేదు. పేపర్లలో విమానం ఫొటో వచ్చింది. గింజ ఏరిన వాళ్ల ఫొటో మాత్రం నాకెక్కడా కనిపించలేదు.

ఇప్పుడు మూడో విడత. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027కి 1 శాతం, 2028కి 2 శాతం, 2030కి 5 శాతం ఇలాంటి ఇంధనం కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. వాడేసిన వంటనూనె, చెరకు ఇథనాల్, వరిగడ్డి, అన్నిటి మీదా కన్నుంది. బజ్జీల బండి దగ్గర మిగిలిన నూనెతో విమానం ఎగిరితే మంచిదే, ఎవరి భూమీ పోదు. కానీ అది ఎంతని దొరుకుతుంది? చాలకపోతే చూపు నూనె తోటల మీదికి మళ్లుతుంది. మన ఏలూరు పక్కన పెదవేగిలోనే ఆయిల్ పామ్ జాతీయ పరిశోధన సంస్థ ఉంది. మెట్టలో ఆ తోటలు ఎంత దూరం పాకాయో, వాటికి బోర్లు ఎంత నీళ్లు తోడుతున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. యూరప్ 2023లో చేసిన చట్టంలో పామాయిల్‌తో చేసిన విమాన ఇంధనాన్ని లెక్కలోకి తీసుకోమని రాసుకుంది. తోట కోసం అడవి పోతుందన్న భయం వాళ్లకీ ఉంది.

తోట ఎవరి పేరున ఉందన్నది ఒకటి, ఎవరి చేతిలో ఉందన్నది ఇంకొకటి. ఈ తేడా తెలియాలంటే కొల్లేరు చూడాలి. 1970ల్లో లంక గ్రామాల పేదలకి సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులు ఇచ్చారు. తర్వాత లీజు మీద లీజు నడిచి, చాలా చెరువులు పెట్టుబడి ఉన్నోళ్ల చేతికి పోయాయి. కాగితం మీద పేరు పేదోడిది, గట్టు మీద కాపలా కూడా పేదోడిదే, డబ్బు ఇంకోడిది. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో గట్లు కొట్టేసినప్పుడు ఆ కాగితం పేరున్న పేదోడూ రోడ్డున పడ్డాడు.

బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం వైపు మనకి కొల్లేరు వాళ్లకి లేని రక్షణ ఒకటుంది, 1/70 చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి బదిలీ కాకూడదు. ‘బదిలీ’ అంటే అమ్మకం ఒక్కటే అనుకుంటారు మనోళ్లు. కాదు, ఆ చట్టం ప్రకారం లీజు కూడా బదిలీయే, తాకట్టు కూడా బదిలీయే. రేపు ఇంధన పంట కోసమని ఎవరైనా పాతికేళ్ల లీజు కాగితం తెస్తే అది కౌలు కాగితమే కదా అని సంతకం పెట్టకండి. అటవీ హక్కుల పట్టా భూమి అయితే వారసులకి వస్తుందే గానీ ఇంకొకరికి బదిలీ చెయ్యడానికి వీల్లేదు. కానుగ గింజ, ఇప్ప గింజ ఏరుకుని అమ్ముకునే హక్కు కూడా 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. 2013-14లో కేంద్రం మద్దతు ధర పెట్టిన అటవీ ఉత్పత్తుల మొదటి జాబితాలో ఈ రెండూ ఉన్నాయి.

మీ ఊళ్లో బీడు అని రాసిన సర్వే నంబర్లు ఏవేవి ఉన్నాయో, వాటిలో నిజంగా ఎవరు ఏం చేసుకుంటున్నారో రాసి గ్రూపులో పెట్టండి. పెద్దోళ్లని అడిగితే ఒక్కో చెట్టు పేరుతో సహా చెప్తారు. మా వైపుది వచ్చే వారం నేను పెడతాను.